నాన్నగారి ఫలకం మీద ఏ పల్టన్ పేరు చెక్కించాలి?

కొబ్బరాకు
శనివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు. మా నాన్నగారు మిలిట్రీలో పద్దెనిమిదేళ్ళు చేసి హవల్దారుగా వచ్చేశారు. పోయిన మాఘమాసంలో కాలం చేశారు. ఇప్పుడు మా ఊళ్ళో మిలిట్రీ చేసినవాళ్ళందరి పేర్లతో స్కూలు గోడ పక్కన నల్లరాయి ఫలకం పెడుతున్నారు. మనిషికి ఒక్కటే వరస. పేరు, హోదా, పల్టన్ (అంటే బెటాలియన్), చేసిన ఏళ్ళు. చెక్కే ఆయన మంగళవారం లోపు రాసి పంపమన్నాడు.

చిక్కల్లా పల్టన్ దగ్గరే వచ్చింది. 1971లో చేరినప్పుడు 1 మద్రాస్, అంటే మద్రాస్ రెజిమెంట్ మొదటి పల్టన్. 1989లో వచ్చేసేటప్పటికి 1 మెక్, అంటే మెకనైజ్డ్ మొదటి పల్టన్. మధ్యలో బదిలీ ఏమీ అవలేదు. ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో 1 మద్రాస్ అని రాసుంది, దాని మీద గీత కొట్టి కింద 1 మెక్ అని ఉంది. రెండూ ఆయన చేతిరాతే. డిశ్చార్జి బుక్కులో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ అని ఉంది. చిన్నప్పుడు ఉత్తరాలు మద్రాస్ రెజిమెంట్ సెంటర్ ఉన్న వెల్లింగ్టన్ నుంచి వచ్చేవని అమ్మ అంటుంది, నాకు తెలిసినవన్నీ అహ్మద్‌నగర్ నుంచి వచ్చినవే.

అమ్మ "మీ నాన్నది మద్రాసు పటాలం, ఇంకేం అడుగుతావు" అంటోంది. తమ్ముడు "కాగితంలో ఏది ఉంటే అదే రాయించాలి, రేపు ఎవరైనా అడిగితే" అంటున్నాడు. ఏది సరైనదో తెలిసినవాళ్ళు చెప్పగలరు.

గూడెం కుర్రాడు
శనివారం, రాత్రి 9:05

రెండూ రాయించెయ్యండి అక్కా. అక్షరానికి ఎంత తీసుకుంటున్నాడేంటి?

కొబ్బరాకు
శనివారం, రాత్రి 9:11

డబ్బు సంగతి కాదు తమ్ముడూ, వరసకి ఇన్ని అక్షరాలే పడతాయట. మా ఊరివాళ్ళ ఇంటిపేర్లే సగం రాయి తినేస్తున్నాయి.

పాత పల్టన్
శనివారం, రాత్రి 10:32

అమ్మాయ్, ముందు మీ నాన్నగారికి నా జైహింద్. నాది వేరే పల్టన్, పేరు ఇక్కడ రాయను, మాకది అలవాటైపోయింది. మాదీ ఇలాగే మెక్ అయింది కాబట్టి తెలిసినది చెప్తాను.

1979లో యుద్ధబండ్ల మీద వెళ్ళి పోరాడే మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ పెట్టినప్పుడు కొత్త కుర్రాళ్ళని పోగేసి పెట్టలేదండి. పాత రెజిమెంట్లలోంచి పల్టన్లని ఉన్నవి ఉన్నట్టు తెచ్చి కలిపారు. అందులోనూ చాలా చోట్ల పెద్దకొడుకునే అడిగారు, అంటే మొదటి పల్టన్‌నే. 1 మద్రాస్ వచ్చి 1 మెక్ అయింది. 8 గూర్ఖా మొదటి పల్టన్ 3 మెక్. 1 సిఖ్ 4 మెక్, 1 గఢ్వాల్ 6 మెక్, 1 డోగ్రా 7 మెక్. ఏ రెజిమెంటుకైనా మొదటి పల్టన్ అంటే ఎంత గర్వమో బయటివాళ్ళకి చెప్పినా తెలీదు. దాన్ని ఇచ్చెయ్యమన్నారు. జనరల్ సుందర్‌జీ పట్టుదల అది. ఆయన చూపు ముందుకే ఉండేది, సైన్యానికి అది మంచే చేసింది. కాకపోతే రిక్రూట్లకి శిక్షణ ఇచ్చే పాత సెంటర్లలో ముసలి సుబేదార్లు ఇంట్లోంచి పిల్లని పంపిస్తున్నట్టు నిలబడ్డారు.

మరి దారి కూడా వాళ్ళే చూపించారు. కొత్త నెంబరు రాసి పక్కన బ్రాకెట్లో పాతపేరు రాస్తారు. 4 మెక్, బ్రాకెట్లో 1 సిఖ్. ఈరోజుకీ అంతే. మీరూ అలాగే 1 మెక్ (1 మద్రాస్) అని చెక్కించండి. ఎవరూ తప్పు పట్టరు.

కొబ్బరాకు
ఆదివారం, ఉదయం 6:40

చాలా థాంక్సండి. మీకు గుర్తుంటే, ఆ మారిన రోజు ఎలా ఉండేదో చెప్తారా? నాన్నగారు యుద్ధం గురించి చెప్పేవారు గానీ ఇది ఎప్పుడూ చెప్పలేదు.

పాత పల్టన్
ఆదివారం, ఉదయం 9:15

చెప్పడానికి పెద్దగా ఏమీ జరగలేదమ్మా. అందుకే చెప్పి ఉండరు.

మా దగ్గర పొద్దున్నే ఫాలిన్ అయ్యాం, అంటే వరసల్లో నిలబడ్డాం. పల్టన్‌కి పెద్ద అయిన సీఓ సాబ్ రెండు ముక్కలు మాట్లాడారు. తర్వాత క్వార్టర్ మాస్టర్ స్టోరు ముందు రెండు రేకు ట్రేలు పెట్టారు. ఒకదాంట్లో కొత్త టోపీ బ్యాడ్జీలు, రెండోది ఖాళీ. వరసలో వెళ్ళి పాతది విప్పి ఖాళీ ట్రేలో వెయ్యాలి, కొత్తది తీసుకోవాలి. టకటకా రేకు మీద పడుతున్న చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. సాయంత్రం స్టోరువాడు లెక్క పెడితే పాతవి పదకొండు తక్కువొచ్చాయి. వాడు కాగితం పట్టుకుని సుబేదార్ మేజర్ సాబ్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన ఆ కాగితం వంక కూడా చూడలేదు. "పోయాయని రాసుకో" అన్నారు. ఆయన టోపీ బ్యాడ్జీ ఆ పదకొండులో ఉందని మాకందరికీ తెలుసు.

మార్పు ఆ రోజున తెలియలేదు. ఒక రెండేళ్ళకి తెలిసింది. కొత్త రిక్రూట్లు మా పాత సెంటర్ నుంచి రావడం మానేసి మెక్ సెంటర్ ఉన్న అహ్మద్‌నగర్ నుంచి రావడం మొదలెట్టారు. వాళ్ళకి మా పాత జయధ్వని రాదు. మీ నాన్నగారి మద్రాస్ వాళ్ళది "వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు". అరవం రాని మన గోదారి కుర్రాళ్ళు కూడా అర్థం తెలియకుండానే గొంతు చించుకునేవారు. మెక్‌లో "బోలో భారత్ మాతా కీ జై". రెండూ మంచివే. కానీ కొండ ఎక్కుతూ ఊపిరి అందనప్పుడు నోట్లోంచి ఏది వస్తుందో అది చేరిన కొత్తలో నేర్చుకున్నదే వస్తుంది.

ఇంకోటి. కాళ్ళ మీద నడిచే సిపాయి బండి బాగుచెయ్యడానికి దాని కిందికి దూరాడు. బూట్లకి పాలిష్ పెట్టే చేతికి గ్రీజు అంటింది. మొదట్లో మాలో పెద్దవాళ్ళు "మేమేం మెకానిక్కులమా" అని గొణిగేవారు. ఆ తర్వాత ఆ బండి ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా, ఒక్క గంటలో మార్చగలిగినవాడే పల్టన్‌లో హీరో. గొణుగుడు అక్కడితో ఆగింది.

బ్యాంకు బాబాయ్
ఆదివారం, ఉదయం 10:02

నాకు మిలిట్రీ తెలీదు గానీ ఈ బాధ మాత్రం తెలుసండి. ముప్పై మూడేళ్ళు ఆంధ్రా బ్యాంకులో చేశాను. బందరులో 1923లో పట్టాభిగారు పెట్టిన బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. మా ఊళ్ళో బోర్డు మారి ఇన్నేళ్ళయినా రైతులు "ఆంధ్రా బ్యాంకులో అప్పు కట్టాలి" అంటారు. లోపలున్న కుర్ర మేనేజరు బీహార్ అబ్బాయి, ఆ మాట వాడికీ అలవాటైపోయింది.

కాలవగట్టు
ఆదివారం, ఉదయం 10:20

బ్యాంకుకీ పల్టన్‌కీ పోలికేంటి బాబాయ్. వడ్డీ లెక్క కోసం ఎవడూ ప్రాణం ఇవ్వడు.

అసలు నాకో సందేహం. ఈ పాతపేర్ల మీద ఇంత ప్రేమ ఎందుకు? మద్రాస్ అని పేరు పెట్టింది ఈస్టిండియా కంపెనీవాడు. మద్రాస్ రెజిమెంట్ గుర్తు మీద ఉన్న ఏనుగు 1803లో అస్సాయి యుద్ధం తాలూకుది. అంటే మరాఠాల మీద కంపెనీ తరఫున మనవాళ్ళు గెలిచినందుకు ఇచ్చిన బహుమతి. అది పోతే పోయిందనుకోవాలి గానీ ట్రేలో వెయ్యకుండా దాచుకోవడమేంటి?

చరిత్రపిచ్చి
ఆదివారం, మధ్యాహ్నం 1:48

కాలవగట్టుగారి ప్రశ్న మంచిది, కానీ "పాతపేరు" అంటే ఏ పాతపేరు అని ముందు అడగాలి.

అమ్మాయిగారి నాన్నగారి పల్టన్‌నే చూడండి. కంపెనీ రోజుల తర్వాత అది 13వ మద్రాస్ ఇన్‌ఫాంట్రీ. 1903లో సేనాధిపతి కిచెనర్ దొర సైన్యం మొత్తానికీ కొత్త నెంబర్లిచ్చాడు. మద్రాసు పల్టన్లకి ఉన్న నెంబరుకి అరవై కలిపాడు, అంతే. 13 కాస్తా 73 కర్ణాటిక్ అయింది. 1922లో మళ్ళీ మార్చి 3వ మద్రాస్ రెజిమెంట్‌లో కలిపారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఖర్చు తగ్గించాలని మద్రాసు పల్టన్లని ఒక్కొక్కటే రద్దు చేసేశారు. దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని అప్పటికే ఒక సిద్ధాంతం నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి ఆ సిద్ధాంతం అటకెక్కింది, మద్రాస్ రెజిమెంట్ మళ్ళీ వచ్చింది.

అంటే మధ్యలో కొన్నేళ్ళపాటు అసలు పల్టనే లేదు. అయినా 1758 నుంచి మాది ఒకే వంశం అంటుంది రెజిమెంట్. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఇదే. కలిపేస్తే సంప్రదాయం పోతుందని ఏడుస్తాం, పూర్తిగా రద్దు చేసినా పోలేదు.

హైదరాబాద్ రెజిమెంట్ సంగతి ఇంకా విచిత్రం. నిజాం దగ్గరుండే కంటింజెంట్ అనే దళంలోంచి పుట్టింది. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. రానురాను అందులో హిమాలయాల దగ్గరి కుమావూఁ వాళ్ళు ఎక్కువయ్యారు. 1945లో పేరే కుమావూఁ రెజిమెంట్ అయిపోయింది. మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1947 నవంబరు 3న బడ్‌గామ్‌లో చనిపోయేటప్పటికి 4 కుమావూఁలో ఉన్నారు. ఆయన ఉద్యోగంలో చేరింది మాత్రం హైదరాబాద్ రెజిమెంట్‌లో. మనం పుస్తకాల్లో కుమావూఁ అనే చదువుకున్నాం, ఎవరికీ ఏ లోటూ అనిపించలేదు.

గూడెం కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మా గూడెం పక్కనే మాధవరం ఉంది, మిలిట్రీ మాధవరం అంటేనే బస్సు కండక్టరుకి అర్థమవుతుంది. రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడినుంచి వెళ్ళారు, ఇప్పటికీ ఇంటికొకరు ఉంటారు. నేనక్కడ పెద్దవాళ్ళతో కూర్చున్నప్పుడు గమనించాను. "ఏ రెజిమెంట్ తాతా" అంటే కొందరు మూడు పేర్లు చెప్తారు. "ఎవరితో చేశావు" అంటే మాత్రం ఒక్కటే జవాబు, బారక్‌లో పక్క మంచం వాడి పేరు.

తంబి
ఆదివారం, సాయంత్రం 4:30

నరసాపురం నుంచి. నేను మద్రాస్ శాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీర్ల దళం, బెంగుళూరు. మా దాంట్లో అందరినీ తంబి అనే పిలుస్తారు, అరవై దాటినా తంబినే.

కాలవగట్టుగారూ, మీరు కూర్చున్న గట్టు ఎవరిదండీ? ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర మద్రాస్ ఇంజనీర్స్ ఆఫీసరు. 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేశాడు. ఆ మద్రాస్ ఇంజనీర్స్‌ని 1862లో రాయల్ ఇంజనీర్స్‌లో కలిపేశారు, పేరు పోయింది. మన డెల్టాలో ఊరూరా గుర్రం మీద కాటన్ దొర విగ్రహం ఉంది, ఆయన ఏ దళంవాడని ఒక్కడూ అడగడు. అందుకని దళం ఏమీ కాదంటానా, అనను. మా శాపర్ల టోపీ దూరం నుంచి చూస్తే చాలు ఇప్పటికీ నా ఛాతీ రెండంగుళాలు పొంగుతుంది.

కాలవగట్టు
ఆదివారం, సాయంత్రం 4:52

గట్టు దెబ్బ బాగా తగిలిందండి, ఆయ్. కానీ ఏనుగు ప్రశ్నకి జవాబు రాలేదు.

పాత పల్టన్
ఆదివారం, రాత్రి 7:40

జవాబు ఉంది. స్వతంత్రం వచ్చాక మనవాళ్ళ మీదే గెలిచిన పాత యుద్ధ గౌరవాల్ని సైన్యం పక్కన పెట్టింది, వాటికి పండగలు చేసుకోరు. ఏనుగు గుర్తు మాత్రం ఉండిపోయింది. మద్రాస్ సిపాయికి ఇప్పుడు ఆ ఏనుగు అంటే అస్సాయి కాదండి. పక్కనే తుపాకీ పట్టుకున్న వాడు. నేను మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళతో ఒకే బంకర్లో ఉన్నాను. పక్క పోస్టులో మద్రాసువాళ్ళు. ఆ ఏనుగు గురించి వాళ్ళు వీళ్ళని ఏడిపించేవారు, వీళ్ళు వాళ్ళని ఏడిపించేవారు, తర్వాత కలిసి రమ్ము తాగేవారు.

అందరూ ఒప్పుకోనక్కర్లేదు. మీకు నచ్చకపోవడమూ న్యాయమే.

చరిత్రపిచ్చి
ఆదివారం, రాత్రి 9:25

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. గొల్లప్రోలు దగ్గర చందుర్తి ఉంది కదా. 1758 డిసెంబరులో అక్కడ ఫ్రెంచివాళ్ళకీ కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషువాళ్ళకీ యుద్ధం జరిగింది, విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళ పక్షం. ఇంగ్లీషువాళ్ళ నోట్లో చందుర్తి "కాండోర్" అయింది. ఆ పేరు యుద్ధ గౌరవంగా కంపెనీవారి బెంగాల్ గోరా పల్టన్‌కి దక్కింది. 1881లో దాన్ని ఇంకో పల్టన్‌తో కలిపి రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అన్నారు, అంటే ఐర్లండ్ రెజిమెంట్. బందరు కోట పట్టిన గౌరవం కూడా వాళ్ళదే. 1922లో ఐర్లండ్ వేరుపడ్డాక ఆ రెజిమెంట్‌ని రద్దు చేశారు. జూన్ 12న ఐరిష్ రెజిమెంట్లు వాటి జెండాలు తెచ్చి విండ్సర్ కోటలో రాజుకి అప్పజెప్పాయి.

మన చందుర్తి పేరు అలా ఎక్కడో ఇంగ్లండ్ కోటలోకి చేరింది. నేను చందుర్తి వెళ్ళి అడిగాను. ఒక పెద్దాయన "యుద్ధమా? ఏ పార్టీకీ ఏ పార్టీకీ?" అన్నారు.

అన్నట్టు ఉత్తరాదిలో సిపాయిలని ఒకప్పుడు తిలంగాలు అనేవారు, తెలుగువాళ్ళన్నమాట. కంపెనీ సిపాయి అంటేనే మనవాడన్న పేరు. మనకేమో మనపేరుతో ఒక రెజిమెంట్ కూడా లేదు.

స్కాట్లండ్‌లో అమలాపురం
సోమవారం, ఉదయం 5:30

ఇక్కడ ఎడిన్‌బరోలో ఇదే గొడవ 2006లో జరిగింది. స్కాట్లండ్ పాత పదాతి రెజిమెంట్లు చాలావాటిని కలిపి ఒకే రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ చేశారు. జనం రోడ్డెక్కారు. చివరికి ఒక రాజీ కుదిరింది. కొత్త రెజిమెంట్‌లో టోపీకి ఒక్కో బెటాలియన్‌కి ఒక్కో రంగు ఈక కుచ్చు. బ్లాక్ వాచ్ అనే పాత రెజిమెంట్ వాళ్ళకి వాళ్ళ ఎర్ర కుచ్చు అలాగే ఉంచారు. మా పక్కింటి ముసలాయన బ్లాక్ వాచ్. కొత్త రెజిమెంట్ పేరు ఆయన నోటివెంట నేను ఒక్కసారి కూడా వినలేదు. కానీ టీవీలో పరేడ్ వస్తే కళ్ళజోడు పెట్టుకుని ముందు ఆ కుచ్చు రంగే వెతుకుతాడు.

అత్తిలి మావయ్య
సోమవారం, ఉదయం 8:14

ఇంత మాట్లాడుతున్నారు, 2022లో అగ్నిపథ్ వచ్చాక రిక్రూట్‌మెంట్ అంతా అన్ని కులాలకీ అన్ని రాష్ట్రాలకీ అన్నారు కదా, నాలుగేళ్ళలో నూటికి డెబ్భై అయిదు మంది ఇంటికి వచ్చేస్తారు. నాలుగేళ్ళలో పల్టన్ మీద ప్రేమ ఎలా పుడుతుంది? మా మేనల్లుడు వెళ్ళాడు. ఫోన్లో అడిగితే "మావయ్యా, రైజింగ్ డేకి, అదే పల్టన్ పుట్టినరోజుకి, బడాఖానా విందు అదిరిపోయింది" అంటాడు. వాడికి పుట్టినట్టే ఉంది మరి.

నిర్వాహకుడు
సోమవారం, ఉదయం 8:40

అగ్నిపథ్ మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్ళండి. దీని కింద పార్టీల పేర్లతో వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను. అమ్మాయిగారికి మంగళవారం గడువుంది, గుర్తుంచుకోండి.

కాలవగట్టు
సోమవారం, మధ్యాహ్నం 12:15

సరే, నా మాట. కొత్తపేరు ముందు, పాతది బ్రాకెట్లో అన్నారు కదా. అది సైన్యం పద్ధతి. కానీ ఊరి రాయి మీద సైన్యం పద్ధతి ఎందుకు? ఆ రాయి చదివేది స్కూలు పిల్లలూ, వాళ్ళ నాయనమ్మలూను. అమ్మగారు ఏమంటే అదే ముందు రాయించండి.

నేను అస్సాయి విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేదు.

కొబ్బరాకు
మంగళవారం, ఉదయం 7:05

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి జరిగింది చెప్పాలి.

పాత పల్టన్‌గారి బ్యాడ్జీల సంగతి అమ్మకి చదివి వినిపించాను. పదకొండు తక్కువొచ్చాయన్న చోట అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. దేవుడి గూట్లో కుంకుమ భరిణెల వెనకనుంచి ఒక పాత జర్దా డబ్బా తెచ్చింది. మూత తుప్పు పట్టి పట్టకారుతో తియ్యాల్సి వచ్చింది. లోపల గులాబీరంగు కాగితంలో చుట్టి ఏనుగు ఉంది. ఇత్తడి నల్లబడిపోయింది. వెనక పిన్ను ఒకటి విరిగింది. "అయ్యగారు దీన్ని దొంగతనంగా తెచ్చారు, ఎవరితో అనకు అన్నారు" అంది అమ్మ. నలభై అయిదేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు మీ అందరికీ తెలిసిపోయింది, ఏం చేస్తాం.

తమ్ముడు దాన్ని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం మాట మళ్ళీ ఎత్తలేదు.

వరస ఇలా పంపాం: పేరు, హవల్దార్, 1 మద్రాస్ (1 మెక్), 1971-1989. బ్రాకెట్ తిరగేశామని పాత పల్టన్‌గారు కోప్పడకండి.

పాత పల్టన్
మంగళవారం, ఉదయం 7:30

కోపమేంటమ్మా. బ్రాకెట్ ఎటున్నా లోపలున్నవాడు ఒకడే. ఆ డబ్బా సంగతి నాకు ఇప్పుడే తెలిసినట్టు ఉంటాను. చింతపండుతో తోమకండి, చెక్కుడు అరిగిపోతుంది. పొడిగుడ్డతో తుడవండి చాలు.

కొబ్బరాకు
గురువారం, సాయంత్రం 6:20

ఒక కొత్త చిక్కు. పేరు పక్కన చిన్న ఏనుగు బొమ్మ కూడా చెక్కమని అమ్మ అడిగింది, చెక్కే ఆయన ఒప్పుకున్నాడు. ఇవాళ గీసి వాట్సాప్‌లో పంపించాడు. గుడి ఏనుగులా ఉంది. మెళ్ళో గంట, వీపు మీద అంబారీ, అంబారీలో ఎవరో స్వామివారు కూడా ఉన్నారు. ఫోన్లో ఎంత చెప్పినా "ఏనుగంటే ఇంతేనమ్మా" అంటున్నాడు.

తమ్ముడు బ్యాడ్జీని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని ఇప్పుడే ఏరు దాటించే పంటు దగ్గరికి బయల్దేరాడు. ఆఖరి పంటు ఏడింటికి.